మిడత జాతి కీటకములు – వాని గుర్తింపు, నివారణ



మిడతంభొట్లు కథ మీరెరిగినదే. రాజుగారు గుప్పిట మూసి లోపల ఏమున్నదో చెప్పుమనగా, భొట్లుకు ఏమియు తోచక, తాను చిక్కుబడితినని తన పేరు తానే తలచుకొని వగచెను. గుప్పిటిలో నిజముగనే మిడత యుండుటచే ఆ మాటయే సమాధానమైనది. కథలో అట్లు గట్టెక్కవచ్చును. సేద్యములో ఊహను నమ్ముకొన్నచో ఒకప్పుడు మందు ఖర్చు, మరియొకప్పుడు పంటయే పోవును.

ఇందుకు దగ్గరి ఉదాహరణము కలదు. 2020 మే నెలలో ఎడారి మిడతల దండ్లు రాజస్థానము దాటి మధ్యప్రదేశ్, మహారాష్ట్రలలోనికి వచ్చినవి. తెలంగాణ సరిహద్దు జిల్లాలలో రైతులను హెచ్చరించిరి. ఆ రోజులలోనే అనంతపురం జిల్లా రాయదుర్గం వద్ద జిల్లేడు చెట్ల నిండ మిడతలు క్రమ్ముకొని కనిపించగా, దండు మనపై పడినదని కలవరము పుట్టినది. తీరా చూడగా అవి ఎడారి మిడతలు కావు. పసుపు, నీలి చారలతో నుండు మన నాటు జిల్లేడు మిడతలు. జిల్లేడు ఆకే వాని ముఖ్యాహారము. దండు మన నేలకు రానేలేదు.

కలవరము ఒక తప్పు. దానికి ఎదురు తప్పు కూడ కలదు. దండు కాదు గదా యని ఊరకుండి, మన గట్టులోనే గ్రుడ్లు పెట్టి ఏటేట మన వరిని కొరుకు మిడతను పట్టించుకొనకపోవుట. ఈ పాఠములో మీరు గ్రహింపవలసినది ఒక్కటే: ఈ జాతిలో శత్రువు, మిత్రుడు, ఏ జోక్యము లేనివాడు ముగ్గురును కలరు. ఎవరు ఎవరో ముందు గుర్తింపవలెను. శత్రువు నెదిరింపవలసినది రెక్కలు వచ్చిన తరువాత పొలములో కాదు, రెక్కలు రాకముందు గట్టు మీద.

ఈ జాతి లక్షణములు

మిడతలు, ఇలకోళ్ళు, కుమ్మరి పురుగులు – ఇవన్నియు ఒకే కుదురునకు చెందినవి. శాస్త్రజ్ఞులు ఈ కుదురును ఆర్థాప్టెరా అందురు. ఆ మాటకు తిన్నని రెక్కలు కలవి యని అర్థము. ప్రపంచములో ఇరవై వేలకు పైగా రకములు కలవు.

వీనిని గుర్తించుట కష్టము కాదు. వెనుక కాళ్ళు పొడవుగ, తొడలు బలిసి, ఎగురుటకు అనువుగ ఉండును. పై రెక్కల జత తోలువలె మందముగ, తిన్నగ ఉండును. క్రింది రెక్కల జత పలుచగ, విసనకఱ్ఱవలె ముడుచుకొని దాని క్రింద దాగియుండును. నోరు కొరికి నమలుటకు తగినది. కనుక ఈ పురుగులు దోమవలె రసమును పీల్చవు. ఆకును, కాడను, వేరును కొరుకును.

ముఖ్యముగ తెలిసికొనవలసిన విషయము మరియొకటి కలదు. సీతాకోక చిలుకకు గొంగళి దశ, నిద్రావస్థ ఉండును. మిడత జాతికి అవి లేవు. గ్రుడ్డు నుండి వచ్చిన పిల్ల పురుగు తల్లి రూపముననే చిన్నదిగ, రెక్కలు లేక ఉండును. పలుమారులు చర్మము విడిచి పెరుగును. ఒక్కొక్కసారి చర్మము విడిచినపుడు రెక్కల మొగ్గలు కొంచెము కొంచెము పెరిగి, కడపటి సారి పూర్తి రెక్కలు వచ్చును. కావున పిల్ల పురుగు గంతు వేయగలదే గాని ఎగిరిపోలేదు. మన అదనంతయు ఇందులోనే కలదు.

గొల్లభామ యని కొందరు పిలుచు, ముందుకాళ్ళు జోడించి నిలుచు పురుగును, బొద్దింకను పూర్వము ఈ కుదురులోనే చేర్చెడివారు. నేడు వానిని వేరు చేసిరి. చేతులు జోడించు ఆ పురుగు ఇతర పురుగులను పట్టి తిని జీవించును. దానిని చంపరాదు.

మొదట మీసమును చూడవలెను

పట్టిన మిడతను చేతిలో నుంచుకొని దాని మీసములను చూడవలెను. మీసములు పొట్టిగ, ఒడలిలో సగము కూడ లేనిచో అది పొట్టి మీసముల తెగ. వరి మిడత, జొన్న మిడత, జిల్లేడు మిడత, ఎడారి మిడత అన్నియు ఈ తెగలోనివే. ఇవి ఆకు మేయునవి.

మీసములు దారమువలె సన్నగ, ఒడలికంటె పొడవుగ ఉన్నచో అది పొడవు మీసముల తెగ. ఈ తెగలో ఇలకోళ్ళు కలవు, పచ్చగ నుండు గడ్డి మిడతలు కలవు. వరి పొలములలో ఏటవాలు తలతో, సన్నని పచ్చని ఒడలితో, పొడవైన మీసములతో ఒక మిడత తిరుగుచుండును. దీనిని శాస్త్రమున కోనోసెఫాలస్ అందురు. ఇది అప్పుడప్పుడు ఆకును, పూతను కొరికినను, మొగి పురుగు ఆకులపై పెట్టిన గ్రుడ్ల ముద్దలను తినివేయును. మొగి పురుగు గ్రుడ్ల ముద్దపై నూగు కప్పియుండుటచే అనేక పురుగులు దానిని ముట్టవు. ఈ మిడత ఆ నూగును లెక్కచేయదు. వరిలో తిరుగు కొన్ని చిన్న ఇలకోళ్ళు కూడ ఆకుముడత పురుగు గ్రుడ్లను, దోమ పిల్లలను తినును.

కనుక పొలములో మిడతలు కనిపించగనే మందు కొట్టిన రైతు, మొగి పురుగునకు కాపలా యున్నవానిని తానే చంపుకొన్నవాడగును. పొడవు మీసములున్నవన్నియు మిత్రులే యని కూడ అనుకొనరాదు. నారును కొరుకు ఇలకోళ్ళు కూడ ఆ తెగలోనివే. మీసము చూచుట మొదటి మెట్టు మాత్రమే. అది ఏమి తినుచున్నదో, ఎన్ని యున్నవో చూచుట రెండవ మెట్టు.

వరి మిడత జీవిత చరిత్ర

మన వరి పొలములలో ముఖ్యముగ చూడవలసిన శత్రువు వరి మిడత. దీని శాస్త్రీయ నామము హీరోగ్లైఫస్ బానియన్. రెండంగుళముల వరకు పొడవు ఉండును. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు. మెడ మీద అడ్డముగ మూడు నల్లని గీతలు ఉండును. ఈ మూడు గీతలే దాని గుర్తు. దీనికంటె చిన్నదిగ, కంటి వెనుక నుండి ప్రక్కగ గోధుమరంగు పట్టీతో నుండు మరియొక పచ్చ మిడతను ఆక్సియా అందురు. ఇదియు వరి ఆకును తినును.

వరి మిడతను గూర్చి దక్షిణ దేశములో శ్రద్ధగ పరిశోధించినవారు మైసూరు వ్యవసాయ శాఖలోని లెస్లీ కోల్మన్, కున్హి కన్నన్ గార్లు. వారు 1911లో దీనిపై ఒక బులెటిన్ ప్రకటించిరి. ఈ పురుగు జీవిత క్రమము ఇట్లుండును.

ఏడాదికి ఒకే తరము. హస్త, చిత్త, స్వాతి కార్తెలలో, అనగా సెప్టెంబరు చివర నుండి నవంబరు వరకు, ఆడ మిడత గట్టు మీద గడ్డి మొదళ్ళ దగ్గర తన తోక భాగమును నేలలో గ్రుచ్చి, సుమారు రెండంగుళముల లోతున గ్రుడ్లు పెట్టును. 30 నుండి 40 గ్రుడ్లు ఒక్క ముద్దగ ఉండును. వాని చుట్టు నురుగు వంటి జిగురును విడుచును. ఆ జిగురు గట్టిపడి, మన్ను అంటుకొని, చిన్న మట్టి గొట్టమువలె ఏర్పడును. దీనిని గ్రుడ్ల గూడు అనవచ్చును. తల్లి మిడతలు తరువాత చచ్చిపోవును. కాని గూడు మాత్రము చలికాలము, వేసవికాలము అంతయు గట్టులో భద్రముగ ఉండును.

మృగశిర, ఆరుద్ర కార్తెలలో వానలు పడి నేల తడియగనే గ్రుడ్లు పొదిగి పిల్లలు బయటకు వచ్చును. మొదట అవి గట్టు మీది లేత గడ్డినే మేయును. కొంత బలిసిన పిమ్మట నారుమడిలోనికి, నాటిన పొలములోనికి దిగును. రెండు నెలలకు పైగా పిల్ల దశలోనే గడిపి, శ్రావణ భాద్రపదములలో రెక్కలు తెచ్చుకొనును. అటుపై జతకూడి, తిరిగి గట్టునకే వచ్చి గ్రుడ్లు పెట్టును.

ఈ క్రమమును మరియొకసారి చదువుడు. ఏడాదిలో ఏడెనిమిది నెలలు శత్రువు గ్రుడ్డు రూపమున, కదలక, మన గట్టులోనే బందీగ ఉన్నది. అప్పుడు మనము పట్టించుకొనము. రెక్కలు వచ్చి నాలుగు దిక్కుల ఎగురుచున్నప్పుడు మందుల దుకాణమునకు పరుగెత్తుదుము.

నష్టమును గుర్తించుట

మిడత తిన్న ఆకు అంచులు వంకర టింకరగ కొరికియుండును. ఉద్ధృతి మిక్కుటమైనపుడు ఈనె మాత్రమే మిగులును. నారుమడిలోను, క్రొత్తగ నాటిన పొలములోను పురుగు ఎక్కువైనచో నష్టము తీవ్రముగ ఉండును. పిలకలు వేయు దశలో కొద్దిపాటి ఆకులు పోయినను పైరు కోలుకొనును. అందుకు భయపడి మందు కొట్టనవసరము లేదు.

అసలు నష్టము కంకి దశలో కలదు. రెక్కల మిడత కంకి క్రింది కాడను కొరికినచో ఆ కంకి పాలుపోసుకొనక తెల్లబడును. దీనిని చూచి మొగి పురుగు వలన వచ్చిన తెల్ల కంకి యని పొరపడుట కలదు. భేదము సులభము. తెల్ల కంకిని పట్టి లాగవలెను. మొగి పురుగు వలన చచ్చినది తేలికగ ఊడి వచ్చును, మొదట కొరికిన గుర్తు, కాడ లోపల పురుగు గాని దాని విసర్జనము గాని కనిపించును. మిడత వలన చచ్చినది అట్లు ఊడి రాదు. కాడకు వెలుపలి వైపున కొరికిన గాటు స్పష్టముగ ఉండును. రోగము తెలియక మందు వేయుట వైద్యము కాదు.

గట్టు మీదనే నివారణ

గట్టును కొన్ని ప్రాంతములలో గెనిమ అందురు, కొన్ని ప్రాంతములలో ఒడ్డు అందురు. పేరేదైనను వరి మిడతకు అదియే పురిటిల్లు.

ముందుగ పరీక్ష చేసికొనవలెను. వేసవిలో పార తీసికొని గట్టు మీద పది చోట్ల, జానెడు వెడల్పున, మూడంగుళముల లోతు మన్ను ఎత్తి, చేతితో నలిపి చూడవలెను. వంకర మట్టి గొట్టము దొరికినచో చిదిపి చూడుడు. లోపల బియ్యపు గింజలవలె పసుపు పచ్చని గ్రుడ్లు వరుసగ ఉండును. పది చోట్ల ఒక్కటియు దొరకనిచో మీ గట్టు చాల వరకు శుభ్రముగ ఉన్నట్లే.

దొరికినచో ఒక లెక్క వేసికొనుడు. చదరముగ నున్న ఎకరము చుట్టు గట్టు సుమారు 280 గజములు. గజమునకు ఒక్క గూడు చొప్పున, గూటికి 30 గ్రుడ్ల చొప్పున లెక్కించినను 8,400 పిల్లలు. అన్నియు బ్రతుకవు, పక్షులు, పురుగులు, తెగుళ్ళు కొన్నిటిని చంపును. అయినను సగము బ్రతికిన చాలును, నారుమడి మిగులదు.

చేయవలసిన పనులను కార్తెల వారీగ చెప్పుచున్నాను.

1. కోత అయిన పిమ్మట మొదలు రోహిణి కార్తె లోపల, అనగా మే నెలాఖరు లోపల, గట్ల ప్రక్కలను, పై భాగమును రెండు మూడంగుళముల లోతున చెక్కవలెను. గూళ్ళు వెలుపల పడి ఎండకు మాడిపోవును. కాకులు, గోరువంకలు, కొంగలు ఏరుకొని తినును. చెక్కిన మట్టిని వెంటనే తిరిగి గట్టుపై వేయరాదు. కొన్ని దినములు పలుచగ ఎండనిచ్చి, దమ్ము సమయమున బురదతో కలిపి గట్టునకు మెత్తవచ్చును. గట్టు సన్నబడకుండ చూచుకొనవలెను.

2. వేసవి దుక్కి విడువరాదు. గట్టునకు ఆనుకొని నాగలి తిరగని మూలలను పారతో త్రవ్వవలెను.

3. మృగశిర, ఆరుద్ర కార్తెలలో తొలకరి పడిన రెండు మూడు వారముల వరకు రోజు విడిచి రోజు గట్టు మీద నడచి చూడవలెను. అడుగు వేసినపుడు చిన్న చిన్న పిల్లలు ఇరుప్రక్కల గంతులు వేసినచో పొదిగినవని తెలిసికొనవలెను. ఇదియే మన అదను.

4. పిల్లలను వల సంచితో పట్టవచ్చును. అడుగు వెడల్పు గల ఇనుప కడ్డీ చుట్టకు రెండడుగుల గుడ్డ సంచి కుట్టి, కఱ్ఱ బిగించిన చాలును. తెల్లవారుజామున మంచు తడితో పురుగులు మందముగ ఉండునప్పుడు గడ్డిపై ఇటునటు ఊపుచు నడువవలెను. పట్టినవానిని కోళ్ళకు వేయవచ్చును. మందు కొట్టిన చోట పట్టినవానిని మాత్రము వేయరాదు.

5. గట్లపై కంది, అలసంద వంటివి వేయుట మంచి ఆచారము. వరి మిడత గడ్డి జాతి మొక్కలనే ఎక్కువగ ఇష్టపడును. పప్పు జాతి మొక్కలున్న గట్టు మీద దానికి మేత తగ్గును, మీకు కొంత గింజ దొరకును.

ఇక్కడ ఒక చిక్కు కలదు. గట్టు ఇద్దరిది. మీరు ఒక ప్రక్క చెక్కి, పొరుగువారు రెండవ ప్రక్క విడిచినచో పిల్లలు మీ పొలములోనికే దిగును. కాలువ గట్లు, చెరువు గట్లు, బంజరు గడ్డి నేలలు ఎవరివియు కానందున ఎవరును చెక్కరు. మిడత పట్టా చూచి గ్రుడ్లు పెట్టదు. కావున ఒక ఆయకట్టు క్రింది రైతులందరు ఒక వారము నిర్ణయించుకొని కలిసి గట్లు చెక్కినచో, ఒక్కొక్కరు విడివిడిగ పడు శ్రమకు ఎన్నో రెట్లు ఫలితము దక్కును.

మందుల విషయము

ఒకప్పుడు మిడతలకు బి.హెచ్.సి. పొడి చల్లెడివారు. అది నేలలోను, పశువుల పాలలోను చేరి దీర్ఘకాలము నిలుచుటచే 1997లో మన దేశమున నిషేధింపబడినది. పాత పుస్తకములలో దాని పేరు చూచి వెదుకరాదు. నేడు ఏ పైరుపై ఏ మందు అనుమతింపబడినదో కాలానుగుణముగ మారుచుండును. కావున పురుగును సీసాలో వేసికొని మీ వ్యవసాయాధికారి వద్దకు తీసికొనిపోయి, మందు పేరు, మోతాదు, కోతకు ముందు విడువవలసిన దినములు వ్రాయించుకొనుట క్షేమము. గట్టు గడ్డిని మీ పశువులే మేయునని మరువరాదు. గట్టుపై మందు కొట్టిన పిమ్మట గడువు తీరు వరకు ఆ గడ్డి కోయరాదు, పశువులను విడువరాదు.

వేప మన పెరటి మందు. 1959లో సూడాను దేశమున మిడతల దండు చెట్లన్నిటిని మోడు చేసి వేపను మాత్రము విడిచిన సంగతిని ష్ముటెరర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు గమనించెను. 1962లో ఢిల్లీపై దండు వ్రాలినపుడు అచ్చటి భారత వ్యవసాయ పరిశోధన సంస్థ పొలములలో డాక్టరు ఎస్. ప్రధాన్ గారు, వారి సహచరులు వేప గింజల పొడి నీటిలో కలిపి పైరుపై చల్లగా, మిడతలు పైరుపై వ్రాలినను తినలేదు. వేప పురుగును వెంటనే చంపదు; ఆకును దానికి సహింపకుండ చేయును. ఈ భేదము తెలియక, మరునాడు పురుగులు చావలేదని కొందరు నిరుత్సాహపడుదురు.

తయారు చేయు విధము: 5 కిలోల వేప గింజల పప్పు పొడిని గుడ్డలో మూటకట్టి, ఒక రాత్రి నీటిలో నానవేసి, బాగుగ పిండి, వడకట్టి, 100 లీటర్ల నీటికి సరిచేసి, కొద్దిగ సబ్బు పొడి కలుపవలెను. ఎండకు దాని బలము తగ్గును గనుక సాయంకాలము చల్లవలెను. గట్టు మీది పిల్ల దశలో చల్లిన ఎక్కువ ప్రయోజనము.

జొన్న చేలలో రెక్కలు లేని మిడత

దక్కను పీఠభూమిలో జొన్న పండించువారికి వేరొక మిడత కలదు. పెరిగిన పిమ్మట కూడ దీనికి ఎగురగల రెక్కలు ఉండవు. 1910లో దీనికి పేరు పెట్టినపుడు, పైన చెప్పిన కోల్మన్ గారి గౌరవార్థము కోల్మేనియా యని పిలిచిరి. ఇది జొన్న ఆకును, పాలుపోసుకొను గింజను తినును. ఇదియు నేలలోనే గ్రుడ్లు పెట్టి, తొలకరికి పొదుగును. ఎగురలేదు గనుక ఒక చేని నుండి మరియొక చేనికి నడచియే పోవలెను. జొన్న కోసిన పిమ్మట లోతు దుక్కి దున్ని, చేని చుట్టు దున్నని అంచులను త్రవ్వినచో దీనిని అణచుట వరి మిడతకంటె సులభము.

కుమ్మరి పురుగు, ఇలకోడి

బురదలో తిరిగినను కుమ్మరి పురుగునకు బురద అంటదని పెద్దలు వేదాంతములో ఉదాహరణగ చెప్పుదురు. దాని ఒంటిపై ముఖమలు వంటి నూగు ఉండుటయే అందుకు కారణము. దాని ముందుకాళ్ళు పారలవలె వెడల్పుగ ఉండును. వానితో నేలలో సొరంగములు త్రవ్వి, మెట్ట వరిలోను, నీరు తీసిన నారుమడిలోను మొక్కల వేళ్ళను, మొదళ్ళను కొరుకును. గట్లలో సొరంగములు చేసి నీరు కారిపోవుటకు కూడ కారణమగును. మొక్క ఎండిపోయి, లాగగనే వేళ్ళు లేకుండ వచ్చి, ప్రక్కన నేల ఉబ్బియున్నచో ఇది దీని పనియే. మందుకంటె నీరు మేలు. మడిని నీటితో నింపగనే పురుగులు పైకి తేలును; కొంగలకు, కోళ్ళకు విందగును. నారుమడిలో తగినంత నీరు నిలిపి, గట్ల రంధ్రములు పూడ్చిన చాలును.

ఇలకోళ్ళు రాత్రులందు తిరుగును. మగ పురుగే కూయును. పై రెక్కలను ఒకదానితో నొకటి రాచుటచే ఆ ధ్వని పుట్టును. పెద్ద గోధుమరంగు ఇలకోడి బొరియలో నివసించి, రాత్రి బయటకు వచ్చి లేత మొక్కలను మొదట కత్తిరించి బొరియలోనికి లాగుకొనిపోవును. ఉదయము మొక్కలు కోసినట్లుండి, దగ్గరలో బొరియ నోట క్రొత్త మన్ను కుప్ప యున్నచో దీనిని అనుమానింపవలెను. బొరియలు త్రవ్వి చంపుటయే తేలిక. తక్కిన ఇలకోళ్ళలో చాల రకములు కుళ్ళిన ఆకులను, చిన్న పురుగులను తిని కాలము గడుపును. వాని జోలికి పోనక్కరలేదు.

ఎడారి మిడతల దండు

ఇక దండు సంగతి. ఎడారి మిడత శాస్త్రీయ నామము షిస్టోసెర్కా గ్రిగేరియా. మామూలు కాలములో ఇది ఒంటరిగ, మన నాటు మిడతవలెనే సాధువుగ బ్రతుకును. ఎడారిలో మంచి వానలు పడి పచ్చిక పెరిగినపుడు సంతానము విరివిగ పెరుగును. తరువాత పచ్చిక ఎండి కొద్ది చోటులలోనే మిగులుటచే అన్నియు అక్కడ గుమిగూడును. ఒకదాని ఒడలు, కాళ్ళు మరియొకదానికి తగులుచుండగా వాని స్వభావమే మారును. సిరటోనిన్ అను ద్రవ్యము వాని నరములలో పెరుగుటచే కొద్ది గంటలలోనే ఒంటరి పురుగు గుంపు పురుగగునని 2009లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. తదుపరి తరములలో రంగు, రూపము కూడ మారును. ఒకే మిడత ఇట్లు రెండు రూపముల నుండగలదని 1921లో మొదట నిరూపించినవారు బోరిస్ ఉవరోవ్ గారు.

చదరపు కిలోమీటరు దండులో 4 కోట్ల నుండి 8 కోట్ల మిడతలుండవచ్చును. ఒక్కొక్కటి దినమునకు తన బరువంత, సుమారు 2 గ్రాముల ఆకు తినును. గాలి వాలున దినమునకు 150 కిలోమీటర్ల వరకు పోగలదు. 1926–31 నాటి దండ్ల వలన మన దేశమున పది కోట్ల రూపాయల పంట నష్టమైనదని అంచనా. ఆ అనుభవము తరువాత 1939లో మిడతల హెచ్చరిక సంస్థ ఏర్పడినది. నేటికిని అది రాజస్థాన, గుజరాత్ ఎడారులలో గస్తీ తిరుగుచున్నది. దాని పద్ధతియు మనము గట్టు మీద చేయుమన్నదే: గ్రుడ్లు పెట్టిన చోటు కనుగొని, పిల్లలకు రెక్కలు రాకముందే అణచుట.

తెలుగు నేల ఎడారి మిడతకు సహజ నివాసము కాదు. కాని 2020లో అది పొరుగు రాష్ట్రము వరకు వచ్చినది గనుక గుర్తులు తెలిసియుండుట మంచిది. దండులోని లేత మిడతలు గులాబి రంగుగ, ముదిరినవి పసుపుగ ఉండును. మేఘమువలె పగలు ఎగిరి సాయంకాలము చెట్లపై వ్రాలును. ఒకే జాతి చెట్టును పట్టుకొని యుండదు. పచ్చగ నున్నదెల్ల తినును. జిల్లేడుపై మాత్రమే గుమిగూడి, ప్రక్కనున్న పైరును ముట్టనిది ఎడారి మిడత కాదు. అనుమానమున్నచో నాలుగు పురుగులు పట్టి అధికారులకు చూపవలెను. దండును ఒక్క రైతు మందుతో ఆపలేడు. ఆ పని ప్రభుత్వ బలగముది. త్వరగ తెలియజేయుటయే మీ పని.

మన తోడు నిలుచువారు

గట్టులో గ్రుడ్లున్న చోట వాని శత్రువులును ఉండును. కంది, పెసర పూవులను తిను నలుపు, నారింజ పట్టెల పురుగును మీరెరుగుదురు. ఆ పురుగు జాతిలో చాల రకముల పిల్లలు నేలలో మిడత గ్రుడ్లనే తిని పెరుగును. సన్నని కందిరీగ జాతి ఒకటి మిడత గ్రుడ్లలో తన గ్రుడ్లు పెట్టును. వానకాలమున కొన్ని మిడతలు గడ్డి కొసకు ఎక్కి, కాడను కౌగిలించుకొని చచ్చియుండుట చూచెదరు. అది బూజు తెగులు. అట్టివానిని తీసివేయరాదు, ఆ బూజు తక్కినవానికి అంటును. పాలపిట్ట, గోరువంక, కొంగ, కాకి అన్నియు మిడతలను తినునవే. అదను తప్పి కొట్టిన మందు వీరినందరిని చంపి, ఎగిరిపోయిన మిడతను మాత్రము విడిచిపెట్టును.

కావున సోదరులారా, ఈ వేసవిలో ఒక ఉదయము పార భుజమున వేసికొని గట్టు మీదికి పొండు. పది చోట్ల మన్ను నలిపి చూడుడు. గూడు దొరికినచో పొరుగు రైతును పిలిచి చూపించి, రోహిణి కార్తె లోపల ఇరువురు కలిసి ఆ గట్టు చెక్కుడు. దొరకనిచో నిశ్చింతగ ఇంటికి రండు; మందు ఖర్చు మిగిలినదని తలచుడు.